దారం కట్టని పనిముట్టు

ధర్మవరంలో మగ్గం మొరాయిస్తే మొదట తలచుకునే పేరు తిప్పన్నది. ఈ మాట తిప్పన్నే చెప్పుకునేవాడు కాబట్టి కొంచెం తగ్గించి నమ్మాలి. అయినా ముప్ఫై ఏళ్లుగా మగ్గాల రిపేరుతోనే ఇల్లు నడిపిన మనిషి. మరీ కోతలని కొట్టిపారేయడానికీ లేదు.

చీర మీద పువ్వులూ నెమళ్లూ లేపే జాకార్డ్ పెట్టె మగ్గానికి పైన, నేసేవాళ్ల తలకంటే ఎత్తులో ఉంటుంది. అది చెడితే నిచ్చెనెక్కి, ఒక చేత్తో దూలం పట్టుకుని, రెండో చేత్తో పని చేయాలి. కింద వేలకొద్దీ పట్టు పోగులు బిగదీసి ఉంటాయి. దాన్నే పడుగంటారు. గుడ్డ కప్పితే ఏ పోగు లేస్తోందో పైనుంచి కనపడదు, అందుకని దాన్ని తెరిచే ఉంచాలి. తిప్పన్న గుడ్డసంచిలో స్క్రూడ్రైవర్, కటింగ్ ప్లేయర్, ఆకురాయి, రెండు పానాలు, ఒక చిన్న కత్తి ఉండేవి. ఒక్కోదానికీ మూరెడు దారం. పైకెక్కేముందు ఆ దారం కొసను మణికట్టుకు ముడి వేసుకునేవాడు. చేయి జారినా పనిముట్టు గాలిలో వేలాడేదే గానీ పడుగు మీద పడేది కాదు.

రామసుబ్బమ్మ ఇంట్లో నాలుగు మగ్గాలు. భర్త పోయాక అన్నీ ఆమె చేతి మీదే నడుస్తున్నాయి. తన పడుగు మీదికి ఎవరెక్కినా ముందు వాళ్ల మణికట్టు దగ్గరి దారం పట్టుకుని గట్టిగా లాగి చూడటం ఆమె అలవాటు. ముడి ఊడిందా, ఇక ఆ మనిషికి నిచ్చెన దొరకదు. తిప్పన్న ముడిని కూడా మొదటి పదేళ్లు లాగింది. ఒకరోజు ఎందుకో లాగలేదు. ఆ తర్వాత ఇరవై ఏళ్లుగా లాగనే లేదు. తిప్పన్న ఈ సంగతి పైకి అనలేదు కానీ, ఆ వీధిలోకి వచ్చేసరికి అతని నడకే మారిపోయేది.

అట్లాంటి ఇంట్లోకి ఇంకొకడు వచ్చాడు. మొన్న ఎండాకాలంలో తిప్పన్న చెల్లెలి మనవరాలికి చెవులు కుట్టిస్తున్నారంటే తలుపుల ఊరికి పోయి మూడు రోజులున్నాడు. తిరిగొచ్చి రామసుబ్బమ్మ ఇంటి ముందుగా పోతుంటే లోపల జాకార్డ్ చప్పుడు వినపడింది. తొంగి చూస్తే పైన ప్రేమ్ కుమార్. స్వయానా సడ్డకుడు, భార్య కమలాక్షి చెల్లెలి మొగుడు. మూడేళ్ల కిందటి వరకూ నీళ్ల మోటార్లు బాగుచేసుకునేవాడు.

వాడి చేతిలో తళతళలాడే మల్టీ టూల్ ఒకటి ఉంది. మడిస్తే అరచేతిలో ఇమిడిపోతోంది, విప్పితే కటింగ్ ప్లేయర్ అవుతోంది. ఒక పక్క గోటితో లాగితే కత్తి, ఇంకో పక్క లాగితే స్క్రూడ్రైవర్. సంచీ లేదు, వెతుక్కోవడం లేదు. కింద నేసే ఆడవాళ్లు పని ఆపి మరీ చూస్తున్నారు. దాని చివర ఎర్ర పట్టుదారం ఒకటి వేలాడుతోంది, రెండో కొస గుమ్మంలోంచి కనపడలేదు. చిన్నపిల్లలు తాళంచెవికి కట్టుకున్నట్టు ఈ సోకు కూడానా అనుకున్నాడు తిప్పన్న.

"చూడు తిప్పన్నా, ఒక్కదాంట్లోనే అన్నీ ఉండాయి," అంది రామసుబ్బమ్మ.

ఆమె మామూలుగానే అంది. తిప్పన్నకు మాత్రం కళ్లల్లో కారం పడ్డట్టయింది.

"బాగుండావా అన్నా? ఎప్పుడొస్తివి తలుపుల నుంచి?" అన్నాడు ప్రేమ్ కుమార్ పైనుంచి.

"ఇప్పుడే," అని బయటికొచ్చేశాడు. పేరు పెట్టి చెప్పాలంటే అది అసూయే. వేరే మర్యాద పేరేదీ దానికి లేదు. ఆ పూట ముద్ద దిగలేదు. కమలాక్షికి చెబితే ఓదారుస్తుందనుకున్నాడు.

"మా చెల్లెలు చెప్పినాదిలే. ఆ సామాను వచ్చినాంక ఆయప్ప పని తొందరగా అయిపోతాండాదంట," అందామె.

ఇక ఆగలేదు తిప్పన్న. తనకూ అలాంటిదే కావాలి. కాదు, అంతకంటే మంచిది కావాలి. బస్సు ఛార్జీలు కాక చేతిలో ఉన్నది పన్నెండు వందలు. ధర్మవరం బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ కవర్లు అమ్మేవాడి దగ్గర పద్దెనిమిది పనులు చేసేది మూడు వందలకే ఉంది. తిప్పన్న దాన్ని విప్పి, కత్తిని పక్కకు కదిపి చూశాడు. కీలు ఊడిన తలుపులాగా కటకటలాడింది. దాన్ని తిరిగి ఇచ్చేశాడు. బస్సెక్కి పెనుకొండలో దిగితే అక్కడి కొట్టులో ఉన్నది ఒక్కటే. అది గట్టిదే గానీ నోరు మూస్తే కొసలు కలవడం లేదు. జాకార్డ్ సూది గుండుసూది కంటే కొంచెం లావు, అంతే. దాన్ని పట్టలేని ప్లేయర్ తనకెందుకు? మళ్లీ బస్సెక్కి హిందూపురం పోయాడు.

హిందూపురంలో ఫ్యాక్టరీ పనివాళ్లకు సామాన్లమ్మే బాలాజీ కొట్టు ఉంది. బాలాజీ మాటలో సగం కన్నడం.

"దుడ్లు ఎంత తెచ్చినావప్పా?"

"అది తర్వాత. ముందు సామాను చూపీ."

బాలాజీ మూడు పెట్టాడు. తిప్పన్న మొదటిదాని నోరు మూసి వెలుగుకు ఎత్తిపట్టాడు. సందులోంచి వీధి కనపడింది. రెండోదాని కీలుకు రివెట్ కొట్టి ఉంది, వదులైతే బిగించడానికి లేదు. మూడోదానికి స్క్రూలు. అందులో ఉన్న పనిముట్లు తొమ్మిదే, కానీ ఒక్కోటీ మందంగా, విప్పితే టక్కున ఆగి కదలకుండా ఉంది. జేబులోంచి పాత జాకార్డ్ సూది తీసి పట్టించి చూశాడు. జారలేదు.

"మొన్న మీ ధర్మవరమాయప్ప ఒకడు ఈ రెండోది తీసుకపాయ," అన్నాడు బాలాజీ. "పద్నాలుగు ఉండాయని మురిసిపాయ."

తిప్పన్న గుండెల్లో చల్లగా పాలు పోసినట్టయింది. బేరమాడి మూడోదాన్ని పదకొండు వందల యాభైకి తీసుకున్నాడు. బస్సులో కూర్చున్నంతసేపూ విప్పుతూ మూస్తూ, ప్రేమ్ కుమార్‌ది ఎన్నాళ్లకు వదులవుతుందో లెక్కపెట్టుకుంటూ ధర్మవరం చేరాడు. వస్తువును ఎంచడంలో అతను ఎక్కడా తప్పు చేయలేదు. ఆ మాట ఒప్పుకోవాలి.

నాలుగు రోజులకు రామసుబ్బమ్మ కబురు పంపింది. మూడో మగ్గంలో నెమలి మెడ దగ్గర పోగులు లేవడం లేదు. మగ్గం మీద ఉన్నది పెళ్లి చీర. తిప్పన్న సంచిని ఇంట్లోనే వదిలేసి, బెల్టుకు మల్టీ టూల్ తగిలించుకుని పోయాడు. గుమ్మంలో దాన్ని అవసరం లేకపోయినా ఒకసారి తీసి తుడిచాడు. దారం సంగతి గుర్తు రాకపోలేదు. అంత కొత్త సామానుకు దారం కడితే వాడిని చూసి తానూ సోకు చేసుకున్నట్టుంటుందని వదిలేశాడు. రామసుబ్బమ్మ అతని చేతివంక చూడలేదు. ఇరవై ఏళ్లుగా చూసే అలవాటు లేదు కదా.

పైకెక్కి కత్తి విప్పి, పోగులను లేపే పాత నైలాన్ తాడు కోస్తుంటే తాడు ఒక్కసారిగా తెగింది. చేయి దూలానికి కొట్టుకుంది. మల్టీ టూల్ జారిపోయింది. కత్తి ముందుగా పోయి పడుగు మీద పడింది. టపటపమని చిన్న చప్పుడు, అంతే. ముప్ఫై ఏళ్లలో తిప్పన్న ఆ చప్పుడు తన కింద ఎప్పుడూ వినలేదు.

కిందికి దిగేసరికి రామసుబ్బమ్మ తెగిన పోగులను పక్కకు తీస్తోంది. అరవై దాకా ఉన్నాయి. ఆమె కసురుకోలేదు. పొయ్యి బూడిద గిన్నెలో తెచ్చి మధ్యలో పెట్టింది. ఇద్దరూ చెరో పక్క కూర్చుని, వేళ్లకు బూడిద రాసుకుని ఒక్కో పోగునూ మెలేసి అతకసాగారు. నేసేవాళ్లు ఎవరూ అటు చూడలేదు. చూసి ఉంటేనే బాగుండేదనిపించింది తిప్పన్నకు.

సగం పోగులయ్యాక రామసుబ్బమ్మ అడిగింది.

"దారం ఏమాయ తిప్పన్నా?"

తిప్పన్న తల ఎత్తలేదు. "కట్టలేదక్కా."

"మీ సడ్డకుడు మొన్న ఊరికే ఎక్కబాయ. తిప్పన్న ఎట్ల కడతాడో అట్ల కట్టుకుంటేనే ఎక్కు, లేకుంటే పో అంటి. నా కండెలో ఎర్రదారం తీసి నేనే ఇస్తి. నువ్వు ఊర్లో లేవనే గదా ఆయప్పను పిలిచింది. లేకుంటే నాకేం పని?"

తిప్పన్న చేతిలో పోగు జారింది. మళ్లీ వెతికి పట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. అన్నం మానుకుని, బస్సులు మారి, తను కుళ్లుకుని సోకని తీసిపారేసింది తన సంచిలోని దారాన్నేనా? వాడి చేతికి వేలాడింది తన పేరేనా?

చివరి పోగు అతికేసరికి మధ్యాహ్నం దాటింది. పైన పని ఇంకా అట్లాగే ఉంది. మల్టీ టూల్‌కు మాత్రం గీత కూడా పడలేదు.

"దారం ఉంటే ఇయ్యక్కా," అన్నాడు తిప్పన్న.

రామసుబ్బమ్మ కండెలోంచి ఎర్రదారం మూరెడు తెంచి ఇచ్చింది. మల్టీ టూల్ కొసన ఉన్న రింగుకు ఒక కొస కట్టి, రెండో కొస మణికట్టుకు ముడి వేసుకున్నాడు. నిచ్చెన మీద కాలు పెట్టాడు.

"ఆగు," అంది రామసుబ్బమ్మ.

దగ్గరకొచ్చి, అతని మణికట్టు దగ్గరి దారం పట్టుకుని గట్టిగా లాగి చూసింది.