తలుపుల్లో డీజిల్

వనపర్తిలో ఒక కాలేజీ ముందు, సైన్యం పక్కన పెట్టేసిన పాత పోరుబండిని దిమ్మె మీద నిలబెట్టారు. ఆ రకం బండిని ఏళ్ల తరబడి నడిపినవాణ్ని కాబట్టి దాని గొప్పలు పిల్లలకు చెప్పమని నన్ను పిలిచారు. ముందు వరసలో శాలువా కప్పి ఆత్మకూరు పెద్దమ్మను కూర్చోబెట్టారు. ఆమె కొడుకు నేను నడిపిన బండిలోనే కాలిపోయాడు. మంట అంటుకోగానే పోయాడనీ, నొప్పి కూడా తెలియలేదనీ ఆమెకు చెప్పింది నేనే. అది అబద్ధం. ఆ అబద్ధం మీదే ఆమె ఇన్నేళ్లు నిద్రపోయింది, నన్ను కొడుకులా చూసుకుంది. మా ఊరు ఇటిక్యాల నుంచి ఎప్పుడు పోయినా జొన్నరొట్టె, పుంటికూర పెట్టనిదే పంపదు. సిగ్గులేకుండా తిన్నాను.

మైకు చేతికొస్తే నాకు నోరాగదు. రష్యావాళ్ల నమూనా తెచ్చి మనదగ్గరే తయారుచేసుకున్నామన్నాను. మొదటి రకానికి లావు గొట్టం, ఒక్కో గుండే పేలేది. రెండో రకానికి సన్న గొట్టమే గానీ వరసపెట్టి కురిపిస్తుంది. వెనక ఏడుగురు జవాన్లను మోస్తుంది. జూరాల నీళ్లలో దింపినా ఈదుకుంటూ ఒడ్డెక్కుతుందంటే పిల్లలు చప్పట్లు కొట్టారు. ఈదాలంటే తేలిగ్గా ఉండాలి, అందుకని రేకు పలచన. శత్రువు కంట పడకూడదు, అందుకని ఎత్తు తక్కువ, లోపల ఇరుకు. డీజిల్‌కు చోటు చాలక వెనక తలుపుల్నే గుల్లగా చేసి వాటిలోనూ పోశారు. ఆ డీజిల్ ముందే వాడేసి, పోరులోకి దిగేసరికి తలుపులు ఖాళీగా ఉంచాలని కూడా చెప్పాను. చప్పట్లు తలకెక్కి, ఎవరు వింటున్నారో మరిచిపోయాను.

పెద్దమ్మ కొడుకు పోయిన రోజు అవి ఖాళీగా లేవు. ఎడారిలో విన్యాసాలు జరుగుతున్నాయి, పొద్దున డీజిల్ ట్యాంకర్ వచ్చింది. నీళ్ల ట్యాంకర్ వస్తే బిందె, బకెట్, ఆఖరికి చెంబు కూడా నింపుకునే ఊళ్లో పెరిగినవాణ్ని. ఖాళీగా ఉన్నది నింపకపోతే నాకు తిన్నది అరగదు. ఎవరూ చెప్పకుండానే తలుపులు అంచుదాకా నింపాను. మధ్యాహ్నం బండి లోపలి కరెంటు తీగలు కాలి మంట లేచింది. డ్రైవర్‌కు ముందువైపు వేరే మూత ఉంటుంది, అందులోంచి దూకేశాను. మిగతావాళ్లు పైమూతల్లోంచి బయటపడ్డారు. డీజిల్‌తో బరువెక్కిన తలుపు తెరుచుకోక, దాని పక్కన కూర్చున్న వాడొక్కడే లోపల ఉండిపోయాడు. తర్వాత విచారణలో తీగలదే తప్పని తేల్చారు. తలుపుల సంగతి నేను ఎత్తలేదు.

సభ అయ్యాక పెద్దమ్మ బండి వెనక్కి వచ్చి తలుపును వేలితో తట్టి చూసింది. కొడుకు ఎక్కడ కూర్చున్నాడని అడిగితే చూపించాను.

"ఆ పొద్దు గీ తలుపుల్ల డీజిల్ ఉండెనా?"

ఉందన్నాను. ఎవరు పోశారంది. నేనేనన్నాను.

ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బతికిపోయేవాణ్ని. వాడి జాగాలో కూర్చోమంది. కూర్చున్నాను. మోకాళ్లు కదపడానికి లేదు. తలుపు ఖాళీది కాబట్టి ఆమె బలానికే మూసుకుంది. ఫొటో కోసమనుకున్నాడేమో, బయట ప్రిన్సిపాల్ నవ్వుతున్నాడు. ఎండకు కాగిన ఇనుము వీపుకు చురచుర తగిలింది.

"ఎంతసేపు కొట్టిండు?" బయటినుంచి ఆమె గొంతు.

వాడు తలుపు కొట్టిన సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. పాత అబద్ధమే నోటిదాకా వచ్చింది. అక్కడ కూర్చుని ఆడలేకపోయాను.

"చానా సేపు కొట్టిండు, పెద్దమ్మా. నా పేరు పెట్టి పిలిచిండు. నేను దగ్గరికి పోలే."

ఖాళీ తలుపే, లోపలినుంచీ తీయొచ్చు. తీయలేదు. ఆమే తీస్తుందని కూర్చున్నాను. చివరికి తీసింది ప్రిన్సిపాల్. అప్పటికే పెద్దమ్మ గేటు దాటి బస్టాండ్ వైపు నడుస్తోంది. శాలువా నేల మీద పడి ఉంది. ఉరికితే ఆమె అందేదే. అప్పుడూ పోలేదు.