పంతొమ్మిది సెకన్ల ఊపిరి

మా ఆవిడ వెర్డెల్‌కి ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతకాదు. భోజనం మధ్యలో లేచి పొయ్యి తుడుస్తుంది. చర్చిలో పాస్టరుగారు కళ్ళు మూసుకోమంటే తను మాత్రం తెరుచుకుని ముందు బెంచీ మీద దుమ్ము దులుపుతుంది. మొన్న శనివారం సోఫాని కిటికీ దగ్గర్నుంచి గోడవైపు జరిపించి, సాయంత్రం కాకుండానే మళ్ళీ కిటికీ దగ్గరికి తెప్పించింది. సోఫా ఆవిడది, నడుము నాది.

పెళ్ళయిన కొత్తలో ఇలా ఉండేది కాదు. నాలుగు గంటలు కదలకుండా కూర్చోగల మనిషి షికాగో దక్షిణభాగం మొత్తంలో ఒక్కరుంటే అది వెర్డెలే. ఏడేళ్ళప్పుడు తల్లి చెయ్యి పట్టుకుని మిసిసిపీ నుంచి రైల్లో వచ్చింది. పదహారేళ్ళకి స్టేట్ వీధిలో ఒక కుట్టుపని కొట్లో చేరింది. చర్చి పాటగాళ్ళు తొడుక్కునే పొడవాటి అంగీలు కుట్టేది. ఆవిడ కుట్టిన అంగీని తిరగేసి వెలుతురుకి పట్టి చూసినా అతుకు దొరికేది కాదు. "కనబడితే అది కుట్టు కాదు, మచ్చ" అనేది. ఆ పొగరు నాకు నచ్చే పెళ్ళి చేసుకున్నాను.

నేను డ్రమ్ములు వాయించేవాణ్ణి. కాటేజ్ గ్రోవ్ వీధిలో, బట్టలు ఉతికే దుకాణం పైన, లాస్కర్ అనే ఆయన రెండు గదుల్లో రికార్డుల కంపెనీ నడిపేవాడు. పెట్టెల మీద చీటీలు అంటించడానికి మనిషి కావాలంటే వెర్డెల్‌ని తీసుకెళ్ళాను. ఆ ఏడాదే టేపు మిషను కొన్నాడు లాస్కర్. టేపు వచ్చాక పాటలో చెడిన ముక్కని బ్లేడుతో కోసేసి, మంచి ముక్కని అతికించుకోవచ్చు. లాస్కర్ మొదటివారమే పాటకి బదులు బొటనవేలు కోసుకున్నాడు. చీటీలు అంటిస్తున్న వెర్డెల్ చూసి చూసి, "ఇలా ఇవ్వండి మిస్టర్ లాస్కర్, నెత్తురు చూడలేకపోతున్నా" అని బ్లేడు లాక్కుంది. ఆ తర్వాత మళ్ళీ ఎవరికీ ఇవ్వలేదు.

టేపుని రెండు చేతులతో ముందుకీ వెనక్కీ లాగుతూ, సరిగ్గా మాట మొదలయ్యే చోట పసుపు పెన్సిలుతో గీత పెట్టేది. ఏటవాలుగా ఒక కోత. వెనకవైపు తెల్లటి అంటుపట్టీ ఒకటి. అంతే. ఏ పాటలో ఎన్ని అతుకులున్నాయో వాయించిన మాకే తెలిసేది కాదు.

ఒక్కరి పాటకి మాత్రం ఆ బ్లేడు తగలకూడదు. ఆవిడ ఇమొజీన్ ట్యారెంట్. అందరికీ మిస్ జీన్.

ఆవిడ గురించి మీకు నేను చెప్పాలా? పంతొమ్మిది వందల ముప్పయ్యారులో, పద్దెనిమిదేళ్ళ పిల్లగా, ఇరవై మంది వాద్యగాళ్ళ ముందు నిలబడి మొదటి రికార్డు ఇచ్చింది. అప్పట్లో పాట నేరుగా మైనం పళ్ళెం మీద పడేది. మూడు నిమిషాల్లో ఎవరు తుమ్మినా పళ్ళెం పారేసి మళ్ళీ మొదటికి రావాల్సిందే. యుద్ధం రోజుల్లో వాద్యగాళ్ళ సమ్మె జరిగితే పక్కన నలుగురి చేత గొంతులతోనే తాళం వేయించుకుని పాడింది కానీ పని ఆపలేదు. యాభై అయిదు నాటికి నూటపదికి పైగా పాటలు రికార్డయ్యాయి. వెనక డ్రమ్ముల దగ్గర ఆరేళ్ళు నేనే ఉన్నాను. టేపు వచ్చాక ఆవిడ లాస్కర్‌కి ఒకే మాట చెప్పింది.

"నా పాట మొదట్నుంచి చివరిదాకా ఒకే నిలువున ఉండాలయ్యా. నచ్చకపోతే పదిసార్లు పాడతా. అంతేగాని నన్ను ముక్కలు చేసి అతికించావో, నీ మెట్లు మళ్ళీ ఎక్కను."

వెర్డెల్‌కి ఈ మాట కొంచెం గుచ్చుకుందని నాకు తెలుసు. అయినా ఇద్దరికీ మంచి స్నేహం. ప్రతి ఆదివారం చర్చి అవగానే మిస్ జీన్ మా ఇంటికే భోజనానికి వచ్చేది. కొల్లార్డ్ ఆకుకూర, మొక్కజొన్న రొట్టె వెర్డెల్ చేతివి తప్ప తినేది కాదు.

యాభై అయిదు మార్చిలో ఒక శుక్రవారం మిస్ జీన్ జ్వరంతో రికార్డింగుకి వచ్చింది. పాట పేరు "నువ్వు గొడుగు మరిచిన రోజు". కళ్ళు ఎర్రగా ఉన్నాయి, కుర్చీ పట్టుకుని నిలబడింది. ఆరుసార్లు పాడింది. నాలుగోసారి పాడినదాన్ని తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు గగుర్పొడుస్తుంది. కానీ ఒక చోట, పొడుగు చరణం మధ్యలో, గురకలాంటి ఊపిరి తీసి చిన్నగా దగ్గింది. మళ్ళీ పాడే శక్తి లేదు. కోటు కప్పి డెట్రాయిట్ రైలెక్కించాం. సోమవారానికల్లా టేపు అచ్చుకి వెళ్ళాలి.

శనివారం పొద్దున వెర్డెల్ ఒక్కతే ఆ గదిలో కూర్చుంది. రెండోసారి పాడినప్పుడు మిస్ జీన్ అదే చోట స్వరాన్ని బాగా సాగదీసి, తర్వాత మాటలు మరిచిపోయి ఆగిపోయింది. ఆ సాగిన ముక్కని దగ్గు ముక్కతో సమానంగా కొలిచి కోసింది వెర్డెల్. ఊపిరీ దగ్గూ తీసేసి దీన్ని పెట్టింది, చరణమంతా ఒకే ఊపిరిలో పాడినట్టయింది. లాస్కర్ అడగలేదు. ఎవరూ అడగలేదు.

ఇంటికొచ్చి నాకు చెప్పింది. "అంత గొప్పగా పాడి ఒక్క దగ్గుతో పోతుందా హోబార్ట్? నా వల్ల కాలేదు. వింటే నీకు కూడా తెలీదు, పందెం."

విన్నాను, తెలియలేదు. డ్రమ్ముల మీద నా బ్రష్షుల చప్పుడే రెండు వేర్వేరుసార్లు వాయించినదాంట్లోంచి వచ్చి కలిసినా, నాకు తెలియలేదు. "ఎవరికీ చెప్పకు" అన్నాను. ఆ మాటన్నది నేనే. ఇది రాస్తున్నది కూడా అందుకే.

ఆ రికార్డు ఊరంతా మోగింది. రేడియోలో ఒకాయన మా కొంప ముంచాడు. "గడియారాలు తీయండి సోదరులారా! పంతొమ్మిది సెకన్లు! ఒక్క ఊపిరి!" అని రోజూ అరిచేవాడు. మిస్ జీన్ తన రికార్డులు తను వినే మనిషి కాదు, అరిష్టమనేది. ఈ పాట మాత్రం జుట్టు దువ్వించుకునే కొట్లో రేడియోలో చెవినబడింది. ఆ ఆదివారం మా బల్ల దగ్గర రొట్టె విరుస్తూ, "నాకా రోజు ఏమీ గుర్తులేదు పిల్లా. ఒళ్ళు కాలిపోతోంది. ఆ ఊపిరి నాది కాదు, దేవుడు ఊదాడు" అంది. వెర్డెల్ లేచి వెళ్ళి కడిగిన గిన్నెల్నే మళ్ళీ కడిగింది. కుదురు పోవడం ఆ రోజే మొదలైంది.

ఇక ఎక్కడ పాడినా జనానికి ఆ పాటే కావాలి. ఆ చరణం రాగానే మగాళ్ళు చేతి గడియారాలు ఎత్తి పట్టుకునేవాళ్ళు. నేను వెనకనుంచి చూస్తుండేవాణ్ణి. మిస్ జీన్ భుజాలు బిగిసేవి, మెడ నరాలు తేలేవి. పన్నెండు, పదమూడు, ఇంక ఆగలేక ఊపిరి తీసేది. హాలంతా "అయ్యో" అనేది. పోటీలో ఓడిన గుర్రాన్ని చూసి నిట్టూర్చినట్టు. నాకు డ్రమ్ము కర్రలు విసిరి వాళ్ళ గడియారాలు పగలగొట్టాలనిపించేది.

సిగరెట్లు మానేసింది. ఈత నేర్చుకుంది, నలభై ఏళ్ళు రాబోతున్న మనిషి. డాక్టరు ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయంటే ఆయన్ని మార్చింది. లాస్కర్ కొత్త పాటలు పట్టుకొస్తే తిప్పి పంపింది. "ఆ ఊపిరి మళ్ళీ దొరికేదాకా రికార్డింగుకి రాను. తగ్గిపోయిన గొంతుని అచ్చు వేయించుకోవడం దేనికి?" లాస్కర్ బతిమాలితే మొదటి ఏడాది రెండు పాటలు. రెండో ఏడాది ఒకటి. మూడో ఏడాది ఏమీ లేదు.

ఇంట్లో నేను వేగలేకపోయాను. వెర్డెల్ తలుపు గొళ్ళేలు తుడిచేది, అల్మరాలు ఖాళీ చేసి మళ్ళీ సర్దేది, వీధి చివరిదాకా వెళ్ళి ఎందుకొచ్చిందో మరిచి తిరిగొచ్చేది.

"చెప్పేస్తా హోబార్ట్."

"చెప్పి? ముగ్గురం మునుగుతాం. లాస్కర్ నిన్ను గెంటేస్తాడు, జీన్ నన్ను గెంటేస్తుంది. ఆ పాటే అబద్ధమని పేపర్లో వేస్తారు. ఆవిడ పరువేం కాను?"

"ఆవిడ పరువు కోసమా, నీ డ్రమ్ముల కోసమా?"

"నోరు ముయ్యి" అన్నాను. జవాబు లేనప్పుడు మొగుళ్ళు అనే మాట అదే.

యాభై ఎనిమిది ఫిబ్రవరిలో ఒక ఆదివారం మిస్ జీన్ పళ్ళెంలో కూర అలాగే వదిలేసింది. "వెర్డెల్ పిల్లా, ఆ టేపు మీ గదిలోనే ఉందిగా? రేపు పొద్దున వస్తా. నాకు నెమ్మదిగా తిప్పి వినిపించు. ఊపిరి ఎక్కడ దాచుకున్నానో పట్టుకోవాలి. అదీ కుదరకపోతే ఇంక పాట మానేసి, మా చెల్లెలి దగ్గర టోపీలు అమ్ముకుంటా. సిగ్గేస్తోంది నాకు, ముసలిదాన్నయిపోయినట్టు."

ఆవిడ వెళ్ళాక నేను సలహా ఇచ్చాను. "పెట్టె తడిసి పాడైందని చెప్పు. అయిపోతుంది." వెర్డెల్ నావైపు చూసిన చూపు ఇప్పటికీ నా ఒంటిమీదే ఉంది. "టోపీలు అమ్ముకుంటానందయ్యా. వినలేదా?" అంది.

సోమవారం నేనూ వెళ్ళాను. ధైర్యం చెప్పడానికి కాదు, ఇంట్లో ఉండలేక. మిస్ జీన్ చేతి తొడుగులు తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వెర్డెల్ టేపు ఎక్కించింది. ఆ చోటు రాగానే ఆపింది. మిస్ జీన్ చెయ్యి తీసుకుని టేపు వెనకవైపు వేలు ఆనించి మెల్లగా లాగింది. తెల్ల పట్టీ అంచు వేలికి తగిలింది. మూరెడు అవతల ఇంకోటి తగిలింది.

"ఇదేంటి?"

"ఈ మధ్య ముక్క వేరేదండి మిస్ జీన్. రెండోసారి పాడినప్పటిది. ఇక్కడ మీరు ఊపిరి తీసుకున్నారు. దగ్గారు. నేను కోసేశా. ఆ పంతొమ్మిది సెకన్లు ఎవరూ పాడలేదు. నేను అతికించా."

మిస్ జీన్ వేలు అక్కడే ఉంచింది. నేను గోడవైపు చూశాను.

"లాస్కర్ చేయమన్నాడా?"

"లేదండి. నాకే చేయాలనిపించింది."

"మూడేళ్ళు." అంతే అంది. తర్వాత గొంతు లేచింది. "మూడేళ్ళు పొద్దున్నే అద్దం ముందు నిలబడి నా గొంతు పట్టుకుని తిట్టుకున్నానే! నీ బల్ల దగ్గర కూర్చుని ఏడ్చానే! రొట్టె వడ్డిస్తూ చూశావు కదే నన్ను?" నావైపు తిరిగింది. "నీకూ తెలుసా హోబార్ట్?" నేను తల ఊపాను. తొడుగులు వేసుకుంది. ఒక చేతి తొడుగుని రెండుసార్లు తప్పు వేళ్ళకి ఎక్కించింది. మెట్లు దిగి వెళ్ళిపోయింది.

పన్నెండు రోజులు కబురు లేదు. లాస్కర్‌కీ ఏమీ తెలియలేదు. పదమూడో రోజు ఆదివారం, నలభై ఏడో వీధి థియేటర్లో మధ్యాహ్నం మూడింటికి మిస్ జీన్ పాటకచేరి. ఆ పొద్దున డ్రమ్ములకి నన్నే పిలిచింది, మానిపించలేదు. ఒక కవరు కూడా పంపింది, వెర్డెల్ పేరుమీద ముందు వరుసలో ఒక సీటు. వెర్డెల్ నీలం గౌను వేసుకుని వచ్చి సీటు చివర కూర్చుంది.

ఆఖరున ఆ పాట ఎత్తుకుంది మిస్ జీన్. చరణం వచ్చింది. గడియారాలు లేచాయి. ఆవిడ చెయ్యెత్తి మా వాయిద్యాలు ఆపేసింది.

"దించండి ఆ గడియారాలు. మీరు ఇళ్ళల్లో వింటున్న ఆ ఊపిరి నాది కాదు. టేపు కోసి అతికించినది. అతికించిన మనిషి ఇక్కడే ఉంది. లే వెర్డెల్. లేచి నిలబడు, అందరూ చూడాలి."

వెర్డెల్ లేచింది. హాలు ఒక్క క్షణం గుసగుసలాడింది. తర్వాత జనం, ఇదేదో మెచ్చుకోవడం అనుకున్నారో ఏమో, చప్పట్లు మొదలుపెట్టారు. పైఅంతస్తు వాళ్ళు ఈలలు వేశారు. కనబడితే అది మచ్చ అనే మనిషి, ఆ చప్పట్ల మధ్య చేతులు వెనక్కి దాచుకుని నిలబడి ఏడ్చింది. మిస్ జీన్ ఆపమనలేదు. వాటంతట అవి ఆగేదాకా అలాగే నిలబెట్టింది.

"ఇప్పుడు నా పాట వినండి" అని నాకు సైగ చేసింది.

మొదట్నుంచీ పాడింది. ఆ చోటు వచ్చేసరికి ఆగి, నోరు బార్లా తెరిచి, మైకులో అందరికీ వినబడేలా నిండుగా ఊపిరి పీల్చుకుంది. తర్వాత మాట ఎంత బలంగా వచ్చిందంటే నేను తాళం తప్పబోయాను. మూడేళ్ళుగా నేను వినని గొంతు అది. ఒక్క మనిషీ "అయ్యో" అనలేదు.

ఏప్రిల్లో లాస్కర్ మెట్లెక్కి నాలుగు పాటలు రికార్డు చేసింది. తర్వాత పదకొండేళ్ళలో ఇంకో డెబ్భై. ఊపిరి తీసిన ప్రతి చోటూ వాటిలో వినబడుతుంది. వెర్డెల్‌ని పనిలోంచి తీసేస్తే తను రానని ఆవిడే లాస్కర్‌కి చెప్పింది. నన్నూ తీసేయలేదు. రికార్డింగు గదిలో ఎదురుపడితే, "బావున్నావా వెర్డెల్" అనేది, పరాయి వాళ్ళతో అన్నట్టు మర్యాదగా.

మా ఇంటికి భోజనానికి మాత్రం మళ్ళీ రాలేదు. వెర్డెల్ పిలవలేదని అనుకుంటారేమో. పదకొండేళ్ళు ప్రతి శనివారం ఫోను చేసి పిలిచింది.