మాంట్రియల్‌లో వదిలేసిన బొట్టుబిళ్ళ

నేను పద్ధతి గల మనిషినని మీలో ఎవరికైనా ఇంకా నమ్మకం ఉంటే, దయచేసి ఇక్కడే చదవడం ఆపేయండి. ఆ నమ్మకం మీ దగ్గరే భద్రంగా ఉంచండి, ముందు ముందు నాకు పనికొస్తుంది. ఆగలేనివాళ్ళు మాత్రం రండి. మాంట్రియల్ నగరంలో, నిండు సభలో, చొక్కా లేని ఒక మగవాణ్ణి పట్టుకుని నేను బావురుమన్న వైనం చెబుతాను. ఆ మగవాడు మా ఆయన కాదు. గొడవంతా అక్కడే ఉంది.

కాబట్టి ముందు మా ఆయన సంగతి. పేరు రాఘవ. టొరంటో పక్కన మార్కమ్‌లో మా కాపురం. నేను ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్ని, అంటే ఇతరుల పనిలో తప్పులు పట్టి జీతం తీసుకుంటాను. ఇంటికొచ్చాక అదే పని జీతం లేకుండా రాఘవ మీద చేసేదాన్ని. అతనిలో నేను పట్టిన అతి పెద్ద తప్పు కొబ్బరినూనె. పడుకునే ముందు తలకి నూనె పట్టించకపోతే అతనికి నిద్ర రాదు. మా దిండు గలేబులన్నీ పకోడీలు తీసి వేసిన కాగితాల్లా ఉండేవి.

"అది తలా, మూకుడా?" అని అరిచేదాన్ని.

"బుర్ర చల్లగా ఉంటుందోయ్. నువ్వూ రాసుకో, ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది," అనేవాడు.

పోయిన చలికాలం అతని ఉద్యోగం పోయింది. వెతగ్గా వెతగ్గా కాల్గరీలో ఒక ఆయిల్ కంపెనీ ఆఫీసులో దొరికింది. వెళ్ళే రోజు పొద్దున కూడా మాకు గలేబుల మీద గొడవే. అతని టాక్సీ వీధి మలుపు తిరగ్గానే గలేబులన్నీ ఊడదీసి, వేడినీళ్ళలో, రెండింతలు సబ్బు వేసి ఉతికి పారేశాను. ఇల్లు అద్దంలా ఉంది. నేనే గెలిచాననుకున్నాను.

వారం తిరిగేసరికి అవే గలేబుల్లో ముక్కు పెట్టి వెతుక్కుంటున్నాను. సబ్బు వాసన తప్ప ఏమీ లేదు. ఇండియన్ స్టోర్‌కి వెళ్ళి అతను వాడే నూనె సీసానే కొనుక్కొచ్చి మూత తీసి చూశాను. ఉహూఁ. సీసాలో వాసన వేరు, వెచ్చటి మనిషి మీద వాసన వేరు. ఆ సీసా బాత్‌రూమ్ అరలో చలికి గడ్డకట్టి అలాగే ఉండిపోయింది.

ఇదంతా రాఘవకి చెప్పానా? చెప్పలేదు. నన్ను ఉద్యోగం వదిలి రమ్మని అతను అడగడు, వెనక్కి వచ్చెయ్యమని నేను అనను. ముందు నోరు తెరిచినవాళ్ళు ఓడిపోయినట్టు. రోజూ ఫోన్లో "తిన్నావా?" "తిన్నా, నువ్వు?" "అక్కడ మంచు పడుతోందా?" "పడుతోంది." వాతావరణ శాఖలో ఇద్దరు ఉద్యోగుల్లా మాట్లాడుకుని పెట్టేసేవాళ్ళం. పెట్టేశాక నేను మంచంలో అతని వైపుకి జరిగి పడుకునేదాన్ని. అటువైపు పరుపు ఎంతకీ వెచ్చబడేది కాదు.

అలా మంచు కరిగి వేసవి వచ్చింది. మా ఆఫీసులో పనిచేసే వరంగల్ అమ్మాయి స్వప్నకి పెళ్ళి కుదిరింది. పెళ్ళికి ముందు మాంట్రియల్ వెళ్ళి, మగవాళ్ళు డాన్స్ చేసే క్లబ్బులో షో చూడాలని ఆ పిల్ల కోరిక.

"ఒక్కసారి అక్కా. పెండ్లయినంక మా ఆయన పంపియ్యడు."

"ఇప్పుడు అతనికి చెప్పావా?"

"చెప్పిన. పోయి రా, మంచిగ ఎంజాయ్ చెయ్ అన్నడు."

"మరి పెళ్ళయ్యాక పంపించడని ఎందుకనుకుంటున్నావ్?"

"అట్ల అనుకుంటెనే కదక్కా మజా!"

మా పక్కింటి పద్మక్క చెవిన ఈ మాట పడింది. నెల్లూరావిడ. కొడుకులు యూనివర్సిటీకి వెళ్ళిపోయాక ఆవిడకి శనివారాలు బొత్తిగా గడవడం లేదు. "నేనూ వస్తా. కారు నాది, పులిహోర నాది," అంది. మొగుడికి చెప్పారా అంటే, "చెప్పాను. నీళ్ళ సీసాలు మర్చిపోవద్దన్నాడు," అంది.

అలా ముగ్గురం బయల్దేరాం. నేను ఊరికే వస్తానా? అలాంటి చోట్ల ఎలా నడుచుకోవాలో ముందే మొత్తం చదివి పెట్టుకుని, కారెక్కిన దగ్గర్నుంచి పాఠం మొదలుపెట్టాను.

"ముట్టుకోకూడదు. డాన్సర్ ఎంత దగ్గరికొచ్చినా మన చేతులు మన ఒళ్ళోనే ఉండాలి. ఫోన్ బయటికి తీయకూడదు. వెకిలిగా నవ్వకూడదు. అతను వద్దన్నాడంటే వద్దనే."

"మరి పొయ్యి ఏం జేయాలె?" అంది స్వప్న.

"గౌరవంగా చూడాలి."

"గౌరవంగ చూడనీకి మ్యూజియం లేదా అక్కా?"

పద్మక్క అద్దంలోంచి నన్ను చూసింది. "ఒక మాట అడుగుతా చెప్పు. మీ రాఘవ ఆడవాళ్ళు డాన్స్ చేసే చోటికి పోతే ఊరుకుంటావా?"

"తల పగలగొడతాను."

"మరి మనం పోవచ్చా?"

"అది వేరక్కా. అక్కడ ఆడపిల్లలు ఏ ఇబ్బందిలో ఉండి ఆ పనికి వచ్చారో!"

"ఈ పిల్లకాయలు ఏ ఇబ్బందీ లేకుండానే వచ్చారా?"

జవాబు లేనప్పుడు ఉపన్యాసం ఇవ్వడం నా అలవాటు. "తన ఇష్టంతో పనిచేసేవాణ్ణి మనిషిగా చూడాలి, అతని హద్దు దాటకూడదు. అప్పుడు తప్పు లేదు. మగవాళ్ళకి ఆ హద్దు తెలీదు. మనకి తెలుసు," అన్నాను. ఈ చివరి మాట మీరు గుర్తుపెట్టుకోండి. నేను మాత్రం సాయంత్రానికి మర్చిపోయాను.

మాది మొదటి షో. సూర్యుడింకా నడినెత్తి మీదినుంచి దిగనట్టే ఉన్నాడు, చీకటి పనికి పట్టపగలు వచ్చినట్టుంది. తలుపు దగ్గర కాపలా ఉన్న పొడుగాటి ఆవిడ పద్మక్క సంచీ తెరిచి, రేకు కాగితంలో చుట్టిన పొట్లం తీసి వాసన చూసింది. ఇంగువ ఘాటుకి రెండడుగులు వెనక్కి వేసింది.

"ఏంటిది?"

"అన్నం," అంది పద్మక్క.

"ఇక్కడికి అన్నం ఎందుకు?"

"ఆకలేస్తే?"

ఆవిడ ఇన్నేళ్ళ సర్వీసులో ఇలాంటి జవాబు విని ఉండదు. పొట్లం బల్ల కింద పెట్టి, వెళ్ళేటప్పుడు తీసుకోమంది. ముట్టుకోకూడదని నాకు చెప్పబోతే, "నాకు తెలుసండీ," అని చిరునవ్వు నవ్వాను.

లోపల ఎర్ర దీపాలు, చెవులు పగిలే పాట, స్వప్నలాంటి కాబోయే పెళ్ళికూతుళ్ళ గుంపులు, కేకలు. నేను పరీక్ష హాల్లో కూర్చున్నట్టు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి లూకా అనే డాన్సర్ మా బల్ల దగ్గరికి వచ్చాడు. మధ్యలో ఉన్న కుర్చీ చూపించి, వస్తారా అని స్వప్నని మర్యాదగా అడిగాడు. అంతదాకా ఈలలు వేసిన పిల్ల ఒక్కసారిగా నా వెనక నక్కింది.

"నాకొద్దక్కా! నాకు భయమైతుంది! నువ్వు పో!"

అతను నా వైపు తిరిగి, "మీరు?" అన్నాడు. కాదంటే పాపం అతన్ని అవమానించినట్టు అవుతుందేమోనని, అచ్చం గౌరవం కోసమే, సరేనన్నాను. మీరు నవ్వకండి.

కుర్చీలో కూర్చున్నాను. అతను చుట్టూ తిరిగి డాన్స్ చేస్తున్నాడు. నేను గౌరవంగా పైకప్పు కేసి చూస్తున్నాను. పాట ఊపందుకుంది, దీపాల వేడికి అతనికి చెమట పడుతోంది. అతను ముందుకి వంగాడు. నాకు వాసన తగిలింది.

కొబ్బరినూనె. ఒళ్ళు మెరవడానికి కొబ్బరినూనె రాసుకున్నాడు!

చెప్పానుగా, వెచ్చటి మనిషి మీద వాసన వేరని. చలికాలం నుంచి గలేబుల్లో, సీసాలో, రాఘవ పాత స్వెటర్లో నేను వెతుక్కున్న వాసన అదే. ఒక్క క్షణం నాకు ఆ క్లబ్బు లేదు, పాట లేదు, మాంట్రియల్ లేదు. మా గది, మా మంచం, అటు తిరిగి పడుకున్న రాఘవ తల. నా చేతులు నన్ను అడక్కుండానే ఒళ్ళోంచి లేచాయి. ఆ పరాయి మనిషిని రెండు చేతులా చుట్టేసి, గుండె మీద తల పెట్టి, తెలుగులో, ఆ పాట హోరుని మించేంత గట్టిగా ఏడ్చాను.

"వచ్చెయ్ రాఘవా! వచ్చెయ్! ఇంక నా వల్ల కాదు!"

పాటలు వేసేవాడు ఇదంతా షోలో భాగమనుకుని శబ్దం ఇంకా పెంచాడు. జనం చప్పట్లు. లూకా "మేడమ్, వదలండి, మేడమ్!" అంటూ విడిపించుకోవాలని చూస్తున్నాడు. నూనె రాసిన ఒంటిని పట్టుకోవడం ఎంత కష్టమో మీకు తెలుసు. అయినా వదల్లేదంటే నా పట్టు ఊహించుకోండి. చివరికి తలుపు దగ్గరి పొడుగావిడ వచ్చి నా వేళ్ళు ఒక్కొక్కటే ఊడదీసింది.

"మీకు రూల్స్ ఎవరూ చెప్పలేదా?"

"మాకు చెప్పిందే ఆమెనండీ!" అని వెనకనుంచి స్వప్న అరిచింది. ఆ అమ్మాయికి పెళ్ళి కానుక తగ్గించాలని అప్పుడే నిర్ణయించుకున్నాను.

పొడుగావిడ నన్ను తలుపు పక్కన చివరి కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చింది. "ఒక మగవాడు డాన్స్ చేసే అమ్మాయిని ఇలా పట్టుకుని వదలకపోతే మీరేమంటారు?" అంది.

"పోలీసుల్ని పిలవమంటాను," అన్నాను. నిజమే చెప్పాను. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

ఎలాగో తలెత్తేసరికి ఇంకో ఘోరం. లూకా మళ్ళీ డాన్స్ చేస్తున్నాడు. అతని ఎడమ ఛాతీ మీద, దీపాల వెలుగులో తళతళలాడుతూ, నా మెరూన్ రంగు బొట్టుబిళ్ళ!

పద్మక్క పరిగెత్తుకొచ్చింది. "ఓసి నీ! నీ బొట్టు ఆ అబ్బాయి దగ్గరుంది! పోయి తెచ్చుకోవే!"

"ఎలా తెచ్చుకోనక్కా? ముట్టుకోకూడదు కదా!"

నా బొట్టుబిళ్ళ ఆ సాయంత్రం హాలంతా తిరిగింది. ప్రతి పెళ్ళికూతురి ముందూ గెంతింది. నేను దాన్ని దూరం నుంచి గౌరవంగా చూశాను.

షో అయ్యాక, పొడుగావిడని అడిగి, ఆవిడ పక్కన ఉండగానే లూకాకి క్షమాపణ చెప్పుకున్నాను. టీషర్టు వేసుకున్నాక అతను పని అయిపోయి ఇంటికెళ్ళే మామూలు మనిషిలా ఉన్నాడు.

"మిమ్మల్ని అడక్కుండా పట్టుకున్నాను. తప్పు చేశాను."

"అవును," అన్నాడు. పర్వాలేదనలేదు. "ముందు భయపడ్డాను. తర్వాత మీ ఏడుపు చూసి ఏం చేయాలో తెలీలేదు. రాఘవ ఎవరు?"

"మా ఆయన."

అతని ముఖం మెత్తబడింది. "చనిపోయారా?"

"లేదు, కాల్గరీలో ఉన్నారు."

అతనూ పొడుగావిడా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"కాల్గరీకి విమానాలు లేవా?" అన్నాడు.

"ఉన్నాయి."

"ఫోన్?"

"రోజూ మాట్లాడుకుంటాం."

"ఇంతకీ నాతో ఏమన్నారు మీరు?"

"వచ్చెయ్యమన్నాను."

"అతనితో ఎప్పుడైనా అన్నారా?"

పద్మక్క నా తరఫున పులిహోర పొట్లం వాళ్ళిద్దరి చేతుల్లో పెట్టి, "తినండి. మా పిల్ల మంచిదే, కాకపోతే బెంగ పెట్టుకుంది," అంది. బొట్టుబిళ్ళ ఆ టీషర్టు కింద ఎక్కడో ఉంది. అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

కారు దగ్గరికి వచ్చి రాఘవకి ఫోన్ చేశాను.

"తిన్నావా?" అన్నాడు ఎప్పట్లాగే.

"రాఘవా, నేనిప్పుడే ఒక మగవాణ్ణి కౌగిలించుకున్నాను."

మొత్తం చెప్పాను, ఏదీ దాచలేదు. అంతా విని, "ఏం నూనె?" అన్నాడు.

"కొబ్బరినూనె. నీ వాసనే."

"మూకుడన్నావ్ కదే నా తలని!"

"అన్నాను."

పగలబడి నవ్వాడు. నవ్వి నవ్వి సగంలో ఆగిపోయాడు. "వాడితో ఏమన్నావో మళ్ళీ చెప్పు."

"వచ్చెయ్యమన్నా."

"అది వాడితో అన్నావ్. నాతో అను."

స్వప్నా పద్మక్కా కార్లో కూర్చుని, వినపడనట్టు నటిస్తూ, కిటికీలు దించి మరీ వింటున్నారు. హాలు నిండా జనం ముందు అంత గట్టిగా వచ్చిన మాట అనడానికి ఇప్పుడు వాళ్ళిద్దరికీ వీపు తిప్పుకోవాల్సి వచ్చింది.

"వచ్చెయ్ రాఘవా," అన్నాను. "నువ్వు లేకుండా నేనుండలేకపోతున్నాను."

"ఆ మాట కోసం చలికాలం నుంచి చూస్తున్నా," అన్నాడు.

"మరి నువ్వెందుకు రమ్మనలేదు?"

"నీ ఉద్యోగం నీకెంత ఇష్టమో నాకు తెలీదా? నా కోసం వదిలేస్తావేమోనని భయమేసింది."

ఆ రోజు ఎవరమూ మంచు సంగతి అడగలేదు.

ఆ తర్వాతి శనివారమే అతను టొరంటోలో దిగాడు. నన్ను ఏడిపించడానికే కాబోలు, తలకి సీసాడు నూనె పట్టించుకొచ్చాడు, నుదుటి మీదికి కారుతోంది. పరిగెత్తబోయి టక్కున ఆగాను. చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాను.

"ముట్టుకోవచ్చా?" అన్నాను.

"మేనేజర్ని కనుక్కుని చెప్తా," అన్నాడు. కానీ అప్పటికే అతని కళ్ళు నిండిపోయాయి, చేతులు చాపేశాడు.

కారుతున్న ఆ నూనె సాక్షిగా అక్కడే ప్రమాణం చేశాను. ఇకమీదట ఏ దేశంలోనైనా, ఏ ఊళ్ళోనైనా, అడక్కుండా ఎవరి ఒంటి మీదా చెయ్యి వేయను. మా ఆయన మీద బెంగని పరాయివాళ్ళ దగ్గర వెళ్ళబోసుకోను. దిండు గలేబుల గురించి జన్మలో నోరెత్తను. ఆదివారం సాయంత్రం అతను కాల్గరీ వెళ్ళిపోయాడు, ఆ ఆఫీసులో టొరంటోకి ట్రాన్స్‌ఫర్ అడగడానికి. అతని దిండు మీద అరచేయంత నూనె మరక మిగిలింది. ట్రాన్స్‌ఫర్ ఇంకా రాలేదు. గలేబు నేనింకా ఉతకలేదు.