మామగారు చెక్కిన ముక్కు

మ్యూజియం దొర మీద నాకిప్పటికీ కోపమే. తిట్టాల్సిన చోట తిట్టకుండా వెళ్ళిపోయాడు.

నేను దుర్గిలో శిల్పుల ఇంటి కోడలిని. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తల్లో, మదరాసు మ్యూజియం చూసుకునే ఆ ఇంగ్లీషు దొర పాత శిల్పాలు వెతుక్కుంటూ పల్నాడంతా ఎండనపడి తిరిగేవాడు. మా ఊరి చేలో నాగలికి తెల్లరాతి పలక ఒకటి తగిలింది. దాని మీద చంకన బిందె పెట్టుకున్న ఆడమనిషి బొమ్మ. ముఖం సగం అరిగిపోయింది, ముక్కు లేనే లేదు. దొర దాన్ని చూసి మట్టిలోనే చతికిలబడ్డాడు.

"పెద్దాయనా, దీన్ని మీ ఇంట్లో భద్రంగా ఉంచండి. బండి తెస్తాను. నేను మా దేశం పోయేలోగా ఇది మ్యూజియంలో ఉండాలి" అన్నాడు మా మామగారితో, వచ్చీరాని తెలుగులో.

మా ఇళ్ళల్లో విరిగిన బొమ్మను గడప దాటించరు. పంపినవాళ్ళకీ మంచిది కాదు, పుచ్చుకున్నవాళ్ళకీ మంచిది కాదు. అందులోనూ దొర అంత ముచ్చటపడ్డ బొమ్మాయె. మామగారు మిగతా పనులన్నీ పక్కనపెట్టి కూర్చున్నారు. ముక్కు నిలబెట్టడానికి చుట్టూ రాయి లోతుగా తీశారు, కళ్ళు తెరిచారు, పెదవులు దిద్దారు. ఆయన అంత మనసుపెట్టి పనిచేయడం నేను మళ్ళీ చూడలేదు.

దొర బండితో వచ్చాడు. బొమ్మను చూసిన ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. అయినా "చాలా బాగుంది, పెద్దాయనా" అని మామగారి చేతులు పట్టుకుని, ఖాళీ బండితోనే వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

"బాగుంటే ఎందుకు తీసకపోలా? ముక్కు కుదర్లేదంటావా అమ్మాయ్?" మామగారికి అదే బెంగ. తీరిక దొరికితే చాలు, ఉలి తీసి ఆ ముక్కును ఇంకాస్త సన్నం చేసేవారు. దిద్దినకొద్దీ ముఖం రాతిలోకి పోతూ వచ్చింది.

తర్వాత మా ఆయనతో మదరాసు వెళ్ళి ఆ మ్యూజియం చూశాను. చేతుల్లేనివి, తలల్లేనివి, ముక్కుల్లేనివి, అన్నిటినీ ఎంత గౌరవంగా నిలబెట్టారో! విరిగింది విరిగినట్టే కావాలి దొరకు. ఆ మాట ఆ రోజే అరిచి చెబితే ఏం పోయింది? మామగారు ఒక పూట బాధపడి ఊరుకునేవారు.

నేను ఇంట్లో అడుగుపెట్టగానే, "అక్కడి బొమ్మలకి ముక్కులెట్టా ఉన్నయ్యమ్మా?" అన్నారు మామగారు.

నిజం చెప్పడానికి నోరు రాలేదు. "మీరు చెక్కినట్టే ఉన్నయ్, మామయ్యా" అన్నాను.

ఆయన బొమ్మ వంక తిరిగి, "అయితే మరి నా పనిలో తప్పేందమ్మా?" అన్నారు.