తలుపు దగ్గర చెయ్యి ఇవ్వని అయ్యగారు

మా ఆళ్ళగడ్డ చర్చిని మేము గుడి అనేవాళ్ళం, పాస్టరును అయ్యగారు అనేవాళ్ళం. ఆ గుడిలో ఆదివారం ఆరాధన ముగిసే తీరు ఒకటుండేది. ఆశీర్వాదం చెప్పాక, చివరి పాట పాడుతుండగానే అయ్యగారు ప్రసంగం చెప్పే పుల్పిట్ దిగి నడవ వెంట నడిచి పోయి పెద్ద తలుపు దగ్గర నిలబడేవారు. జనం వరుసగా బయటికి పోతూ ఆయన చెయ్యి పట్టుకుని వందనాలు చెప్పేవారు. వందనాల వెనక ఒక మాట ఉండేది. "వాక్యం బాగ చెప్పినారయ్యా" అనో, "ఇయ్యాల ఏడిపించినారు" అనో. ఏమీ తోచనివాళ్ళు "బాగుంది" అని చెప్పి చెప్పుల కోసం వెదుక్కునేవారు.

డెబ్భైల మధ్య నుంచి చాలా ఏళ్ళు నేను ఆ సంఘానికి కార్యదర్శిని. కాలువల ఆఫీసులో గుమాస్తా పని చేసేవాణ్ణి కాబట్టి గుడిలో కూడా రాత పని నాకే వచ్చింది. ఆదివారం సాయంత్రం ఇంటికి పోయాక ఆనాటి బైబిలు పాఠం, ప్రసంగంలో ఒక ముఖ్యమైన మాట డైరీలో రాసుకోవడం అలవాటు. నా కాలంలో ఎందరో అయ్యగార్లు వచ్చారు, పోయారు. తలుపు దగ్గర నిలబడనివారు ఒక్కరే.

ఆయన నంద్యాల నుంచి బదిలీ మీద వచ్చారు. అక్కడ ఆయనకు మంచి పేరు. అంతకు ముందు ఏడాది ఆఫీసు పని మీద నంద్యాల పోయి ఆదివారం అక్కడే ఉండిపోయినప్పుడు ఆయన ప్రసంగం విన్నాను. బిడ్డను పోగొట్టుకున్న ఒక తల్లి గురించి చెప్పారు. గొంతు ఎక్కడ తగ్గించాలో, ఎక్కడ ఆపి ఊరుకోవాలో ఆయనకు బాగా తెలుసు. నా ముందు కూర్చున్న లాయరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆరాధన తర్వాత తలుపు దగ్గర జనం ఆయన్ను ఒక పట్టాన వదల్లేదు. అలాంటాయన మాకు వస్తున్నాడని తెలిసి సంఘమంతా సంతోషపడింది.

మొదటి ఆదివారం ఆయన పాఠం చదివారు. దాని అర్థం చెప్పారు. అది మనల్ని ఏం చెయ్యమంటుందో చెప్పారు. ఆపేశారు. కథ లేదు, మధ్యలో పాట లేదు. ఆశీర్వాదం తర్వాత నడవలోకి రాకుండా వెనక్కి తిరిగి ప్రభువు బల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు. పాట అయిపోయింది. జనం లేచి నిలబడి చూశారు. ఆయన లేవలేదు. కాసేపటికి ఒక్కొక్కరే బయటికి నడిచారు.

మా గుడిలో ముందు భాగంలో కుర్చీలు, వెనక జంఖానాలు ఉండేవి. టీచర్లు, ఉద్యోగస్తులు, కొద్దో గొప్పో పొలం ఉన్నవాళ్ళు కుర్చీల్లో కూర్చునేవారు. కూలికి పోయేవాళ్ళు జంఖానాల మీద కూర్చునేవారు. ఎవరూ పెట్టిన నియమం కాదు, ఎప్పటి నుంచో అట్లా జరిగిపోతోంది. మొదటి కుర్చీ రిటైరైన హెడ్‌మాస్టరుది. సంఘంలో చాలామందికి ఆయన దగ్గర చదువుకున్న గుర్తులు చెవుల మీద ఉండేవి. ఆయన బయటికి వచ్చి మెట్ల మీద నన్ను ఆపారు.

"ఏందప్పా సెక్రెటరీ, మీ అయ్యగారికి మోకాళ్ళు పట్టుకున్యాయా?"

"ప్రార్థన చేసుకుంటాండారేమో సార్."

"ఇంటికాడ చేసుకోకూడదా? జనం నిలబడుకోని చూస్తాంటే?"

తర్వాతి ఆదివారాల్లోనూ అదే జరిగింది. మాటలు మొదలయ్యాయి. నంద్యాలోళ్ళకు ఇచ్చిన చెయ్యి మనకు ఇస్తే అరిగిపోతాదా అన్నారు. ప్రసంగం చప్పగా ఉంటాందని, అందుకే ముఖం చూపించలేక దాక్కుంటాండాడని కొందరన్నారు. సంఘం కమిటీ వాళ్ళు నన్ను మాట్లాడి రమ్మన్నారు. పోయి అడిగాను. ఆయన కోపగించుకోలేదు.

"నాకు అప్పజెప్పిన మాట చెప్పాను. అది ఎట్లుందో చెప్పాల్సినవాడు తలుపు దగ్గర లేడు" అన్నారు.

ఆ జవాబు నాకు బాగానే తోచింది. ఇంటికి వచ్చి నా భార్యతో చెప్పాను. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతూ తలెత్తకుండానే అంది: "మెచ్చుకోలు వద్దని అంత గట్టిగ అంటాండాడంటే దాని మింద ఎంత ఆశ ఉండాల ఆయప్పకు."

వానలు పడేనాటికి హెడ్‌మాస్టరు ఒక అర్జీ తయారు చేశారు. ఈ అయ్యగారు సంఘంతో కలవడం లేదు, ఎవరికీ చెయ్యి కూడా ఇవ్వడం లేదు, వేరే వారిని పంపండి అని దాని సారాంశం. కమిటీ సభ్యులు సంతకాలు చేస్తే నంద్యాలలోని పెద్దలకు పోతుంది. అయ్యగారికి కూడా ఆ సంగతి తెలిసింది. వచ్చిన ఏడాది లోపలే ఒక సంఘం వద్దన్న మనిషికి ఇంకో సంఘం దొరకడం కష్టం. పుల్పిట్ నుంచి తీసి ఎక్కడో మిషన్ హాస్టలు చూసుకోమంటారు. అట్లా పంపించినవాళ్ళను మేము చూసి ఉన్నాము.

ఆ నెలలోనే నంద్యాలలో అయ్యగార్లకు, కార్యదర్శులకు సమావేశం పెట్టారు. ఇద్దరం బస్సులో పోయాము. సమావేశం అయ్యాక బస్టాండులో నిలబడి ఉంటే ఆయన పాత సంఘం వాళ్ళు ఇద్దరు చూసి దగ్గరికి వచ్చారు.

"మళ్ళీ మా కాడికే వచ్చేయండయ్యా. ఇప్పుడొచ్చినాయన చెప్తాంటే నిద్ర వస్తాది. మీరు చెప్తాంటే గుడి గుడంతా ఏడ్చేది."

అయ్యగారి ముఖం ఎంతగా వికసించిందంటే నేను చూపు పక్కకు తిప్పుకున్నాను. వాళ్ళు పోయాక బస్సు ఎక్కాము. బస్సు శిరివెళ్ళ దాటినాక తనే మొదలుపెట్టారు.

"చూశారు కదా."

"ఏంది అయ్యగారూ?"

"నా మొగం. మీరు చూసినారు. చూసి అటు తిరుక్కున్నారు."

నేను కాదనలేదు. ఆయన కిటికీ వైపు చూస్తూ చెప్పారు. నంద్యాలలో ఉన్నప్పుడు తలుపు దగ్గర జనం ఏ మాట మెచ్చుకున్నారో గుర్తుపెట్టుకుని ఇంటికి పోయేవాడట. మరుసటి వారం అలాంటిదే ఇంకొకటి తయారు చేసేవాడు. కొన్నాళ్ళకు పాఠం చదవకముందే తలుపు గుర్తుకు రావడం మొదలైంది. ఆ తర్వాత సంఘంలో ఒక ఇంట్లో బిడ్డ చనిపోయింది. ప్రార్థన చెయ్యడానికి పోయాడు. ఆ తల్లి ఏదో చెప్పుకుంటూ ఏడుస్తుంటే ఈయన కళ్ళు మూసుకునే, ఆమె మాటల్లో ఏది ఆదివారానికి బాగుంటుందో ఏరుకుంటున్నాడు.

"ఆదివారం చెప్పాను. ఆమె పేరు చెప్పలేదు. చెప్పనక్కర లేదు, అందరికీ తెలుసు. గుడి గుడంతా ఏడ్చింది. తలుపు దగ్గర ఒకరి మీద ఒకరు పడి మెచ్చుకున్నారు. ఆమె కూడా వరుసలోనే వచ్చింది. చెయ్యి ఇచ్చింది. ఏమీ అనలేదు. మొగం కూడా ఎత్తలేదు."

నేను విన్నది ఆ ప్రసంగమే. ఆ సంగతి ఆయనతో చెప్పలేదు.

"బదిలీ నేనే అడుక్కున్నాను" అన్నారు ఆయన. "మళ్ళీ తలుపు దగ్గర నిలబడితే మళ్ళీ అదే అవుతాను. అర్జీ పోతే పోనీ. పుల్పిట్ తీసేస్తే తీసేయనీ. మనుషులు చూసేదాని కోసం చెప్పి, దేవుని మాట చెప్పినానని మాత్రం ఇంక అనుకోలేను."

బస్సు దిగి ఎవరిళ్ళకు వాళ్ళం పోయాము.

ఆ వారం మధ్యలో ఊరి చివర ఉన్న మా సంఘం వాళ్ళ వీధిలో ఇంటింటికీ తిరిగి ప్రార్థన చెయ్యడానికి ఇద్దరం కలిసి పోయాము. అక్కడ ఒక ముసలామె ఉండేది. పత్తి తీతకు, కలుపుకు పోతూ బతికేది. జంఖానా మీద గోడకు ఆనుకుని కూర్చునేది. అయ్యగారు ప్రార్థన చేసి లేవబోతుంటే ఆమె అడిగింది.

"మేమేం తప్పు చేసినాం నాయనా?"

"తప్పేంది అవ్వా?"

"గట్టిగ చెప్పు, నాకు ఇనపడదు."

ఆయన గట్టిగా అడిగారు.

"చెయ్యి ఇయ్యడం మానుకుంటివి కదా. అందుకని అడుగుతాండ."

తన ప్రసంగాన్ని జనం పొగడటం తనకు మంచిది కాదని, అందుకే తలుపు దగ్గరికి రావడం లేదని ఆయన గొంతెత్తి వివరించారు. వీధిలో పోయేవాళ్ళు కూడా ఆగి విన్నారు. ముసలామె నవ్వింది.

"నేను యాడ పొగిడితి? నువ్వు చెప్పేది నాకు ఒక ముక్క ఇనపడితే కదా. నీ మూతి చూసి వస్తాండ, అంతే. వారమంతా చేన్లల్లో పడి ఉంటాం. ఆసామి కూలి దుడ్లు ఇయ్యాలంటే కూడా చెయ్యి తగలకుండ పైనుంచి వదుల్తాడు. ఆడ గుళ్ళో అందరి ముందర ఒకరు మా చెయ్యి పట్టుకుంటాండ్రి. ఆ ఒక్కటీ తీసేస్తివి. దానికేమన్నా ఖర్చయితాదా నీకు?"

అయ్యగారు మళ్ళీ కూర్చున్నారు. ఆమె చెయ్యి పట్టుకున్నారు. ఆమె వెంటనే లాక్కుంది.

"ఈడ గాదు. ఈడ ఎవురు చూస్తారు?" అంది.

మనుషుల మెప్పు వద్దనుకుని తను మానేసింది ఆ ముసలామె లెక్కలో మెప్పే కాదు. మళ్ళీ మొదలుపెడదామంటే నంద్యాలలో జరిగిందే మళ్ళీ జరుగుతుందన్న భయం అట్లే ఉంది. మా ఇంటి దగ్గర మజ్జిగ తాగుదామని పిలిస్తే వచ్చారు. నా భార్య ముందరే జరిగింది చెప్పి, నాకు దారి కనపడటం లేదమ్మా అన్నారు.

"పోయేటప్పుడు ఇస్తే పొగుడుతారని కదా మీ భయం" అంది ఆమె. "వచ్చేటప్పుడు ఇయ్యండి. ఇంకా ఏమీ చెప్పనే లేదు కదా. దేనికని పొగుడుతారు?"

ఆయన లోటా పక్కన పెట్టి ఆమె వైపు చూశారు. తర్వాత నవ్వారు. ఆళ్ళగడ్డ వచ్చాక ఆయన నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి.

ఆ ఆదివారం మొదటి గంట కొట్టేసరికి ఆయన పెద్ద తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. వచ్చిన ప్రతివారి చెయ్యి పట్టుకుని వందనాలు చెప్పారు. జనానికి ఏం మాట్లాడాలో తెలియలేదు. కొందరు పాప జ్వరం గురించి, కొందరు వాన గురించి చెప్పారు. ముసలామె రెండు చేతులూ ఇచ్చి, వెనక వస్తున్నవాళ్ళు చూశారో లేదో తిరిగి చూసుకుంది. రెండో గంట కొట్టగానే ఆయన లోపలికి పోయారు. ఆరాధన తర్వాత మామూలుగా బల్ల ముందు మోకరించారు.

హెడ్‌మాస్టరు ఎప్పుడూ రెండో గంట అయ్యాక, పాట మొదలయ్యేటప్పటికి వచ్చేవారు. కాబట్టి ఆయనకు చెయ్యి అందలేదు. ఆరోజు మధ్యాహ్నం కమిటీ సభ్యులు సంతకాలకు కూర్చున్నారు. ఒకాయన కాగితం చదివి వెనక్కి ఇచ్చాడు.

"ఎవురికీ చెయ్యి ఇయ్యడని రాసినారే సార్. నాకు ఇచ్చినాడు పొద్దున."

"నాకూ ఇచ్చినాడు" అన్నాడు ఇంకొకడు. "మీరు బేగా రావాల సార్."

హెడ్‌మాస్టరు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. వచ్చే వారం చూద్దామన్నారు.

తర్వాతి ఆదివారం ఆయన మొదటి గంటకే వచ్చారు. అయ్యగారు చెయ్యి ఇచ్చారు. హెడ్‌మాస్టరు దాన్ని కాస్త ఎక్కువసేపు పట్టుకుని, "ఇయ్యాల బాగ చెప్పండి, ఇంటాం" అన్నారు. అయ్యగారు తల ఊపారు.

ఆనాటి పాఠం, బంగారు ఉంగరం పెట్టుకుని వచ్చినవానికి మంచి చోటు, మాసిన బట్టలవానికి కింద చోటు చూపించే సంఘం గురించి. దాన్ని ఆయన ఏరుకోలేదు, ఏడాది పాఠాల వరుసలో ఆ వారానికి వచ్చింది. ఆయన ఎప్పటిలాగే దాని అర్థం చెప్పారు. తర్వాత మా కుర్చీల గురించి, మా జంఖానాల గురించి చెప్పారు. ఇది ఎప్పటి నుంచో ఉందని తనకు తెలుసన్నారు. ఎప్పటి నుంచో ఉన్నందువల్ల అది పాపం కాకుండా పోదన్నారు. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. ఎవరి వైపూ ప్రత్యేకంగా చూడలేదు. ఆపేశారు.

పాట సరిగ్గా సాగలేదు. ఆశీర్వాదం తర్వాత ఆయన తిరిగి మోకరించారు. హెడ్‌మాస్టరు అందరికంటే ముందు లేచి నడవ వెంట వేగంగా పోయారు. ఏదో చెప్పాలనే పోయినట్టుంది. తలుపు దగ్గర ఎవరూ లేరు. ఆయన గడపలోనే ఆగిపోయి ఒకసారి బయటికి, ఒకసారి లోపల మోకరించిన మనిషి వీపు వైపు చూశారు. అడ్డంగా నిలబడటంతో వెనక జనం ఆగిపోయారు. జంఖానాల మీది వాళ్ళే తలుపుకు దగ్గర కాబట్టి ముందుగా వాళ్ళే చేరారు.

"జరుగు సార్, దోవ ఇడు" అంది ముసలామె. "పోయి పొయ్యి మింద ఎసరు పెట్టాల."

ఆయన జరిగారు. పక్కన గోడకు ఆనుకుని, వాళ్ళంతా పోయే వరకు నిలబడి, తర్వాత ఇంటికి పోయారు. అర్జీ మాట మళ్ళీ ఎత్తలేదు. అయ్యగారు ఇంకా కొన్నేళ్ళు మాతోనే ఉన్నారు.

ఆ ప్రసంగం తర్వాతి ఆదివారం కూడా కుర్చీలు ముందు భాగంలోనే వేసి ఉన్నాయి. రెండు మాత్రం ఖాళీగా ఉన్నాయి, వాటిలో కూర్చునేవాళ్ళు జంఖానా మీద కూర్చున్నారు. అయ్యగారు రెండో గంటకు లోపలికి వచ్చి అంతా ఒకసారి చూశారు. పుల్పిట్ ఎక్కి ఆ వారం పాఠం తెరిచి చదవడం మొదలుపెట్టారు.