మూడో గుహలో చప్పట్లు

మా పెద్దమ్మ ఇరవై ఆరేళ్లు ఒక చిన్న కిటికీ వెనక కూర్చుని బౌద్ధ గుహలకు టికెట్లు అమ్మింది. ఆ కిటికీ ఎంత చిన్నదంటే, అందులోంచి ఆమెకు మనుషులు కాదు, చేతులే కనిపించేవి. ఉంగరాల చేతులు, వణికే చేతులు, ఐస్‌క్రీం కారుతున్న చేతులు. ఏ చెయ్యి వచ్చినా టికెట్‌తో పాటు దారి కూడా చెప్పి పంపేది.

"ముందు స్తూపం చూడండి. తర్వాత ఎడమవైపు మెట్లు, నూట ఎనభై. మధ్యలో కూర్చోవచ్చు, సిగ్గేం లేదు. మూడో గుహలో రెండుసార్లు చప్పట్లు కొట్టండి, కొండ తిరిగి కొడుతుంది. మర్చిపోకండేం!"

చెప్పడమే గానీ తను ఒక్కసారీ కొండెక్కలేదు. గేటు తెరిచి ఉన్నంతసేపూ కిటికీ వదలడానికి లేదు. కిటికీ మూసేసరికి గేటుకు తాళం. ఆమెకు సెలవైన రోజు కొండకూ సెలవే. చప్పట్ల సంగతి, ఉద్యోగంలో చేరిన కొత్తలో కొండ దిగొచ్చిన ఒక ముసలాయన చెప్పాడట. ఆయన మాట మీదే ఇన్నేళ్లూ నడిచింది.

రిటైరైన మర్నాడు పొద్దున్నే మా గుమ్మంలో ప్రత్యక్షమైంది. నెత్తిన టోపీ, కాళ్లకు కొత్త బూట్లు.

"లేవే పుస్తకాల పురుగూ, కొండ చూడాలి."

"కొండ ఎక్కడికి పోతుంది పెద్దమ్మా?"

"అలా అనుకునే ఇన్నాళ్లూ ఊరుకున్నా. పద పద. ఆ చప్పట్లు నా చెవులతో నేను వినాలి."

టికెట్ కోసం వంగి, "అమ్మో, ఇంత వంగాలా! జనం నడుములు విరగ్గొట్టానన్నమాట" అని తన కిటికీని తనే తిట్టుకుంది. లోపల కొత్తమ్మాయి, "మూడో గుహలో..." అని మొదలుపెట్టగానే, "నాకు తెలుసులేమ్మా!" అంటూ పరుగు తీసింది.

స్తూపం చుట్టూ మూడుసార్లు తిరిగి, "ఎంత గుండ్రంగా ఉందే!" అంది, ఆ సంగతి తనకెవరూ చెప్పనట్టు. చెరువులో తామరలను పేరుపేరునా పలకరించినంత పని చేసింది. పడుకున్న బుద్ధుడి దగ్గర నా నోరు మూసి, "మెల్లగా! నిద్రలో ఉన్నాడు" అంది. మెట్లు లెక్కపెడుతూ ఎక్కింది. నూట డెబ్బై ఆరే వచ్చాయి.

"నాలుగు తగ్గాయి. ఎవరెత్తుకెళ్లారో!"

మూడో గుహ ఒకప్పుడు భిక్షువులు ధ్యానం చేసుకున్న గది. రాతి గోడలు, పక్క గోడలో గాలికి చిన్న కన్నం. పెద్దమ్మ టోపీ సర్దుకుని రెండు చప్పట్లు కొట్టింది.

ఏమీ లేదు.

గట్టిగా కొట్టింది. బయట పిట్ట ఎగిరిపోయింది గానీ కొండ మాట్లాడలేదు. నేను కొట్టాను. లేదు.

పెద్దమ్మ గుమ్మంలోనే కూలబడింది. "ఇరవై ఆరేళ్లు అబద్ధం చెప్పానే. ఎంతమంది నన్ను తిట్టుకుని ఉంటారో! కిందికెళ్లి ఆ అమ్మాయికి చెప్పాలి, ఆ మాట ఇక అనొద్దని."

అప్పుడే ఒకాయన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. "ఇదిగో నాన్నా, కిటికీ ఆవిడ చెప్పిన గుహ!" అంది పిల్ల. నిజం ఒప్పేసుకోవడానికి పెద్దమ్మ లేచి గొంతు సవరించుకుంది. ఈలోగా పిల్ల లోపలికి దూరి చప్పట్లు కొట్టింది.

టప్. టప్. కొండ తిరిగి కొట్టింది.

పిల్ల కేరింతలు కొడుతూ వెళ్లిపోయింది. పెద్దమ్మ ఒక్క ఉదుటున లోపలికెళ్లి మళ్లీ కొట్టింది. టప్, టప్. ఆనందం పట్టలేక ఏడుసార్లు కొట్టింది. కొండ అయిదు కొట్టి, తడబడి, ఆపైన గట్టిగా తుమ్మింది.

మేమిద్దరం మొహామొహాలు చూసుకున్నాం. "నేను తుమ్మలేదే" అంది పెద్దమ్మ.

పక్క గది తలుపు తోసి చూస్తే, నీళ్ల సీసాతో కాపలా ఆయన! ఆమెను చూసి ఠక్కున లేచాడు.

"అమ్మగారూ, మీరా! ఇప్పుడే నీళ్లకెళ్లి వచ్చాను."

"అయితే ఇన్నాళ్లూ నువ్వేనా కొండవి?"

"మరేం చెయ్యను? నేను చేరిన కొత్తలో ఒక చిన్నపిల్ల చప్పట్లు కొట్టి కొట్టి, ఏమీ వినపడక ఏడుపు లంకించుకుంది. చూడలేక ఆ కన్నంలోంచి కొట్టాను. ఇక రోజూ పంపిస్తూనే ఉన్నారు మీరు. కిందికొచ్చి చెబుదామంటే, అంత సంతోషంగా చెబుతున్నారు, నోరు రాలేదు." అరచేతులు చూపించాడు. "ఇవి చూడండి, చెప్పుల అట్టలైపోయాయి."

పెద్దమ్మ ఆ చేతులవైపు తేరిపార చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి గోడకు ఆనుకుంది, టోపీ జారిపడింది.

ఇంతలో అవతలి గదిలో అడుగుల చప్పుడు. ఎవరో రెండు చప్పట్లు కొట్టారు. కాపలా ఆయన చేతులెత్తాడు. పెద్దమ్మ వాటిని పట్టుకుని ఆపింది.

"ఇవాళ్టికి నువ్వు కూర్చో."

కన్నం దగ్గరకు వెళ్లి, ఊపిరి బిగబట్టి, తనే కొట్టింది. ఉత్సాహంలో మూడు పడ్డాయి.

"ఈ కొండకు లెక్కలు రావు!" అంది అవతల ఒక గొంతు.

పెద్దమ్మ నోరు నొక్కుకుని నవ్వాపుకుంటూ, తగ్గిన నాలుగు మెట్ల బాకీ తీర్చినట్టు ఇంకో నాలుగు కొట్టింది.