పిన్ను లేని పెట్టె

లోకంలో అందరూ పెట్టె విప్పి లోపలి వస్తువును చూస్తారు. మామయ్య లోపలి వస్తువును తీసి పక్కన పెట్టి పెట్టెను చూస్తాడు. ఆయనకున్న జబ్బల్లా అదొక్కటే. దానికి మందు లేదని అత్తయ్య పెళ్లయిన వారానికే తేల్చేసింది.

మేనకోడలికి ఊహ తెలిసినప్పటి నుంచీ ఇదే తంతు. ఆమె పుట్టినరోజుకు ఎవరో బొమ్మ తెస్తే పిల్ల బొమ్మతో ఆడుకుంది, మామయ్య పెట్టెతో ఆడుకున్నాడు. పక్కింటివాళ్లు కొత్త మిక్సీ కొన్నారని చూడ్డానికి వెళ్లి, మిక్సీని మోచేత్తో పక్కకు జరిపి, "ఈ మూల మడత వేసినవాడెవరో గానీ చెయ్యి తిరిగినవాడండీ!" అన్నాడు. మిక్సీ కొన్నాయన మొహం చిన్నబోయింది.

చుట్టాల్లో ఒక బాలింతను పలకరించడానికి ఆస్పత్రికి వెళ్లేటప్పుడు అత్తయ్య ముందే ఒట్టు వేయించుకుంది. అక్కడ ఏ పెట్టెనీ ముట్టుకోకూడదని. మామయ్య ఒట్టు నిలబెట్టుకున్నాడు. పిల్లవాణ్ణి ఎత్తుకున్నాడు, ముద్దు చేశాడు. ఇంటికొచ్చాక అత్తయ్య మురిసిపోతూ, "ఎలా ఉన్నాడండీ?" అని అడిగింది.

"మూత బాగానే ఉందే. పైన ఆ ప్లాస్టిక్ పొర ఒక్కటీ దండగ" అన్నాడు. కిటికీలో పాలడబ్బా పెట్టె ఉందట.

గాజు జాడీలు తయారుచేసే ఫ్యాక్టరీలో ఆయన ప్యాకింగు మాస్టారు. ఆ పని ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. పాత పెట్టెలను అతుకుల దగ్గర తడిపి, విప్పి, నేల మీద పరిచి, మడత మడతా తడిమి నేర్చుకున్నాడు. మేనకోడలు అదే సెక్షనుకు ఇన్‌ఛార్జి. అంటే ఇంట్లో ఆయన మాట ఆమె వినాలి, ఫ్యాక్టరీలో ఆమె మాట ఆయన వినాలి. రెండూ జరిగేవి కావు.

అలాంటి రోజుల్లో, జాడీలు కొనే పెద్ద దుకాణాలవాళ్లు ఒక షరతు పెట్టారు. ఇకపై థర్మోకోలు వద్దు, బుడగల ప్లాస్టిక్ వద్దు, పెట్టె సగానికి తగ్గాలి, జాడీ మాత్రం పగలకూడదు. కాదంటే మీ సరుకే మాకొద్దు. ఆ సరుకు పోతే ప్యాకింగులో ఉన్న పన్నెండు మంది ఆడవాళ్లకు పని ఉండదు.

మామయ్య పది రోజులు అట్టల మధ్య కూర్చున్నాడు. ఒక్క అట్టలోంచే జాడీకి మెడపట్టీ, అడుగున పరుపులాంటి మడతలు తీశాడు. జాడీని అందులో పెట్టి నడుమెత్తు నుంచి వదిలేవాడు. పన్నెండు మందీ చెవులు మూసుకునేవారు. పంతొమ్మిది జాడీలు ముక్కలయ్యాయి. ఇరవయ్యోది చెక్కుచెదరలేదు.

మేనేజరు వచ్చి చూశాడు. "భేష్ మాస్టారూ! ఒక్కో పెట్టె కట్టడానికి ఎంతసేపు?"

"యాభై సెకన్లండి."

"ముప్పై దాటితే సరుకు టైముకు వెళ్లదు. అడుగున ఆ మడతల తాళం ఎందుకు? రెండు పిన్నులు కొట్టేయండి."

"పిన్ను కొట్టనండి."

"ఎందుకని?"

"పెట్టెకు నచ్చదండి."

మేనేజరు మేనకోడలి వైపు చూశాడు. ఆమె ఫ్యాను వైపు చూసింది.

"సోమవారానికి ముప్పై సెకన్లన్నా కావాలి, పిన్నులన్నా పడాలి. రెండూ లేకపోతే ఆర్డరు వదులుకుంటాం" అని మేనేజరు వెళ్లిపోయాడు.

"మామయ్యా, పన్నెండు మంది పొట్ట మీద కొడతావా? రెండు పిన్నులకు ఏం కొంప మునిగింది?" అని మేనకోడలు నిలదీసింది.

"నీకు తెలీదులే అమ్మాయ్" అని ఇంకో అట్ట అందుకున్నాడు.

అత్తయ్యను అడిగితే ఇంకో చిక్కుముడి తగిలింది. "ప్రతి శనివారం పొద్దున్నే సైకిలెక్కి పోతాడే. ఎక్కడికంటే పెట్టెల్ని చూసొస్తానంటాడు. ఇంట్లో ఉన్నవి చాలవా? మంచం కింద చీపురు కూడా దూరదు!"

మేనకోడలికి కాలు నిలవలేదు. ఆ శనివారం ఆటో మాట్లాడుకుని వెంటపడింది. సైకిలు పాత సామాన్లు కొనే దుకాణం వెనక షెడ్డు ముందు ఆగింది. లోపల అట్టల గుట్టలు. గుట్ట పక్కన ఒకామె పెట్టెలు చింపి వేరుచేస్తోంది, మూడు వేళ్లకు గుడ్డ పేలికలు చుట్టుకుని. ఎదురుగా పీట మీద మామయ్య, పట్టకారుతో పెట్టెల పిన్నులు పీకుతూ!

"మామయ్యా!" అంది మేనకోడలు.

"మీ మామయ్యా?" అంది పేలికల ఆమె. "మూడేళ్ల కింద వచ్చి, మా ఫ్యాక్టరీ పెట్టె ఎలా ఉందమ్మా అని అడిగాడు. పిచ్చాయనేమో అనుకున్నా. పెట్టె ఎలా ఉందని నన్నెవరడుగుతారు? ఇదిగో, ఇలా ఉందని పిన్నుకు కోసుకున్న వేలు చూపించా. అప్పట్నుంచి వారం వారం వచ్చి కూర్చుంటాడు."

"పిన్నుతో ఉన్న అట్టను కాగితం మిల్లువాళ్లు తీసుకోరు అమ్మాయ్," అన్నాడు మామయ్య తల ఎత్తకుండా. "ఎవరో ఒకరు పీకాలి."

"ఈ మాట మేనేజరుకు చెప్పొచ్చు కదా!"

"చెబితే చేతితొడుగులు కొనివ్వమంటాడు. పెట్టె చేసినవాడి తప్పుకు విప్పేవాళ్లు తొడుగులేసుకోవాలా?"

మామయ్య సంచిలోంచి కొత్త పెట్టె తీసి పరీక్షకు వచ్చిన విద్యార్థిలా అట్టలు చింపే ఆమె చేతికిచ్చాడు. ఆమె లోపలికి చెయ్యి పోనిచ్చి, అరచేత్తో ఒక్క తోపు తోసింది. అడుగున ఉన్న నాలుగు రెక్కలూ ఒకేసారి విచ్చుకున్నాయి.

మామయ్య పెట్టెను చూస్తున్నాడు. మేనకోడలు ఆమె చేతిని చూసింది.

"అమ్మా, మళ్లీ ఒకసారి! ఇప్పుడు అదే చెయ్యి వెనక్కి లాగుతూ మూసి చూపించండి."

ఆమె నవ్వుతూ లాగింది. నాలుగు రెక్కలూ ఒకదాని కింద ఒకటి దూరి టక్కున బిగుసుకున్నాయి. మామయ్య పట్టకారు కింద పెట్టేశాడు.

"నేను ఒక్కో రెక్కా విడివిడిగా మడుస్తూ చచ్చానే!"

సోమవారం పొద్దున పన్నెండు మందికీ ఆ లాగుడు నేర్పడానికి గంట పట్టింది. మధ్యాహ్నం మేనేజరు గడియారం పట్టుకుని నిలబడ్డాడు. ఇరవయ్యారు సెకన్లు. నమ్మలేక ఇంకో ఇద్దరి చేత కట్టించాడు. ఇరవై ఏడు, ఇరవై అయిదు. ఆర్డరు మీద సంతకం పెట్టాడు.

రెండు నెలల తరవాత ఒక శనివారం మేనకోడలు కూడా షెడ్డుకు వెళ్లింది. అట్టలు చింపే ఆమె వేళ్లకు ఇప్పుడు పేలికలు లేవు గానీ ముఖం కోపంగా ఉంది.

"అన్నా, నువ్వు చేసిన పని ఏం బాలేదు. మీ పెట్టెల బండి రాగానే పక్క షెడ్డు వాళ్లు మీదపడి ఎత్తుకుపోతున్నారు. అవే కావాలట. నిన్న జుట్లు పట్టుకున్నంత పనయింది."

"అయ్యయ్యో, నా పెట్టెల కోసం గొడవా?" అన్నాడు మామయ్య. తరవాత పీట ముందుకు జరుపుకుని, గొంతు తగ్గించి అడిగాడు.

"ఎంత పెద్ద గొడవ?"